ఈ వారం కొత్తవి... మళ్లీ వచ్చినవి!

తాడేపల్లిగూడెంలో రైలు దిగేసరికి ఫోన్ కుయ్‌మంది. డబ్లిన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి మెసేజ్. 'నాన్నా, ఈ వారం లిస్టు వచ్చేసింది. సగానికి సగం పాత పాటలే!' అని. అది 2024 డిసెంబరు, మూడో శనివారం. ఐర్లండులో శుక్రవారం సాయంత్రం పాటల జాబితా వస్తే మనకు అప్పటికి రాత్రవుతుంది. అందుకే ప్రతి శనివారం నా కాఫీతోపాటే ఆ కబురూ అందుతుంది.

ఆ దేశంలో వారం వారం ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో ప్రకటించడం 1962 అక్టోబరు 1న మొదలైంది. మొట్టమొదటి వారం అగ్రస్థానం అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీది. మొదట్లో కంపెనీలు దుకాణాలకు ఎన్ని రికార్డులు పంపితే అవే లెక్క. జనం నిజంగా ఎన్ని కొన్నారన్నది 1992 నుంచి చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడైతే ఫోన్లలో, కంప్యూటర్లలో విన్నవాటినీ కలుపుతున్నారు. దాంతో ఓ తమాషా జరిగింది. డిసెంబరు వస్తే చాలు, 1984 నాటి 'లాస్ట్ క్రిస్మస్', 1994 నాటి మరియా కేరీ పాట అటక మీంచి దిగినట్టు దిగి, కొత్త పాటల్ని పక్కకు నెట్టి కూర్చుంటాయి.

'మరి మన చింతలపూడిలో ఈ వారం కొత్తవేంటి, మళ్లీ వచ్చినవేంటి? చూసి రాయి' అంది అమ్మాయి. సరదాకే అడిగిందనుకున్నా. కానీ ఆ ఊరికి నేను వెళ్తున్న పని సరదా పని కాదు. ఏడాది కిందట పోయిన మా అన్నయ్య కొట్టు ఖాళీ చేసి, నెలాఖరులోగా తాళం ఇంటివాళ్లకు అప్పగించాలి. ఆ కొట్టు ఒకప్పుడు పాటల కొట్టు. సరే, ఎలాగూ వెళ్తున్నాం కదా, దారి పొడవునా చెవులు తెరుచుకుని వెళ్దామనుకున్నా.

ఉల్లిబస్తాల మధ్య రమణ గోగుల

తాడేపల్లిగూడెం అంటే ఉల్లి మార్కెట్టు. లారీల వెనక లారీలు, వాటి నిండా ఎర్రటి గోనెసంచులు. స్నేహితుణ్ని పలకరిద్దామని అక్కడికెళ్తే, ఓ లారీ క్యాబిన్లోంచి 'గోదారి గట్టు' పాట గట్టిగా వినిపిస్తోంది. వెంకటేష్ సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం' కోసం భీమ్స్ స్వరపరిచిన పాట. సినిమా ఇంకా రాలేదు. జనవరి 14న వచ్చింది. పాట మాత్రం డిసెంబరు మొదటి వారంలోనే బయటికొచ్చేసి ఈ చివర్నుంచి ఆ చివరికి పాకిపోయింది.

బస్తా దించి చెమట తుడుచుకుంటున్న ఓ నడివయసు హమాలీని అడిగా. "ఇది కొత్త పాటేనా?"

"పాట కొత్తదేనండి. గొంతే పాతది. 'తమ్ముడు' సినిమా నాడు విన్న గొంతు కదండీ!" అన్నాడు.

నిజమే. 'ప్రేమంటే ఇదేరా', 'తమ్ముడు', 'బద్రి'... ఆ రోజుల్లో కుర్రకారును ఊపేసిన రమణ గోగుల ఏళ్ల తరబడి కనిపించకుండా పోయి, ఈ పాటతో మళ్లీ మైకు ముందుకొచ్చారు. నా లిస్టులో మొదటి పాటే చిక్కు తెచ్చిపెట్టింది. దీన్ని కొత్త వాటిలో రాయాలా, మళ్లీ వచ్చిన వాటిలో రాయాలా? రెండింటి మధ్యా గీత గీసి, ఆ గీత మీద రాసుకున్నా.

కొల్లేటి గట్టున కాపలా పాటలు

వదిన పుట్టిల్లు కైకలూరు వైపు. ఆవిణ్ని తీసుకుని చింతలపూడి వెళ్లాలి కాబట్టి, ఏలూరులో దిగి కొల్లేటి మీదుగా వెళ్లే బస్సెక్కా. ఈ దారి ఒక్కసారైనా చూడాల్సిందే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పరుచుకున్న మంచినీటి సరస్సు ఇది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. చలికాలంలో వస్తే ఆటపాక దగ్గర గూడబాతులు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

వదిన వాళ్లింటి వెనక ఓ చేపల చెరువుంది. దాని గట్టు మీద తాటాకు పాకలో కాపలా ఉండే పెద్దాయన రాత్రంతా ఫోన్లో పాటలు పెట్టుకుంటాడు. అన్నీ ఘంటసాలవే. 'దేవదాసు', 'మూగమనసులు'... ఆ కాలం నాటివి.

"కొత్తవి నచ్చవా బాబాయ్?" అని అడిగా.

"నచ్చకేం! కాకపోతే కొత్త పాటైతే వింటా వింటా కునుకొచ్చేస్తది బాబూ. పాతదైతే మనవూ కూడా పాడతాం కదా, మెలకువగా ఉంటాం" అన్నాడు.

పాత పాట ఎందుకు నిలుస్తుందో అంతకంటే తేలిగ్గా ఇంకెవరూ నాకు చెప్పలేదు. అన్నట్టు ఘంటసాల పుట్టిన చౌటపల్లి కొల్లేటికి ఆవలి పక్కన, గుడివాడ దగ్గరే ఉంది. 1922 డిసెంబరు 4న పుట్టారాయన. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన పోయాక పుట్టినవాళ్లు తాతయ్యలవుతున్నా, ఆ పాకలో ఆయన ప్రతి రాత్రీ నంబర్‌వన్నే!

మెట్ట దారిలో...

ఏలూరు నుంచి చింతలపూడి సుమారు 50 కిలోమీటర్లు. డెల్టా పచ్చదనం పెదవేగి దగ్గరికొచ్చేసరికి రంగు మారుతుంది. ఒకప్పటి వేంగి రాజధాని ఇదే. ఇప్పుడు ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకు చిరునామా. విజయరాయి, ధర్మాజీగూడెం దాటాక దారికి రెండు పక్కలా పామాయిల్ తోటలు, మామిడి తోటలు, పొగాకు చేలు. కాలవ కింద ఊళ్లవాళ్లు మమ్మల్ని 'మెట్టోళ్లు' అంటారు. ఇంకాస్త ముందుకెళ్తే తెలంగాణ సరిహద్దే. ఇదివరకు పశ్చిమగోదావరి జిల్లాలో ఉన్న మా ఊరు 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లాలోకొచ్చింది.

డిసెంబరులో మా ఊరు వినాలంటే తెల్లవారకముందే లేవాలి. ధనుర్మాసం కదా, ముందు గుళ్లోంచి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఆ వెనకే తిరుప్పావై. అవి ముగిసీ ముగియకముందే నల్ల పంచెల స్వాములు అయ్యప్ప భజన ఎత్తుకుంటారు. సాయంత్రమైతే చర్చి దగ్గర పిల్లలు నక్షత్రం పట్టుకుని, డప్పు కొట్టుకుంటూ ఇంటింటికీ క్రిస్మస్ పాటలతో బయల్దేరతారు. చివర్లో, ఇంకా మూడు వారాల ముందే, హరిదాసు చిడతల చప్పుడు. ఇవన్నీ ఏడాదికోసారి తప్పకుండా తిరిగొచ్చేవి. డబ్లిన్ లిస్టులో మరియా కేరీ ఎలాగో, మా వీధిలో ఇవి అలాగ! మధ్యలో ఆటోల్లోంచి 'పుష్ప 2' పాటలు. సినిమా వచ్చి రెండు వారాలే అయింది మరి. ఈ నెల్లో పెళ్లిళ్లుండవు కాబట్టి బ్యాండుమేళం పాటలకు మాత్రం సెలవు.

మంగళవారం పొద్దున్న ఇవన్నీ ఒక్కసారిగా ఆగాయి. వెనక వీధిలో మైకులోంచి ఘంటసాల భగవద్గీత మొదలైంది. మన ఊళ్లలో ఆ గొంతు ఆ పూట వినిపిస్తే అర్థం ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాఫీ గ్లాసు పట్టుకున్నవాళ్లు అలాగే ఆగి "ఎవరు?" అని ఒకరినొకరు అడిగారు. చర్చిలో పాటలు ప్రాక్టీసు చేస్తున్న పిల్లలు కూడా డప్పు ఆపేశారు. వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు. కిందటేడు డిసెంబరులో ఆ మైకు మా ఇంటి ముందే మోగింది.

షట్టర్ మీద చీటీ

అన్నయ్య 1986లో బస్టాండుకు దగ్గర్లో రికార్డింగ్ సెంటర్ పెట్టాడు. ఇప్పటి పిల్లలకు ఇది కథలా ఉంటుంది. మనకు కావాల్సిన పాటల పేర్లు కాగితం మీద రాసుకెళ్లి ఇస్తే, ఖాళీ క్యాసెట్లో ఆ వరసలోనే ఎక్కించి ఇచ్చేవారు. 60 క్యాసెట్‌కు పన్నెండు, పదమూడు పాటలు. 90 అయితే పద్దెనిమిది దాకా. క్యాసెట్ మనమే తెచ్చుకుంటే పాటకు రూపాయి. కాపీరైట్ చట్టం అనేదొకటుందనీ, ఆ పని దానికి విరుద్ధమనీ అప్పట్లో మాలో ఎవరికీ పట్టలేదు. మంచో చెడో, జరిగింది జరిగినట్టే చెప్పాలి కదా!

అన్నయ్యకు పాటల పిచ్చి మా నాన్న నుంచి వచ్చింది. 1952లో ఆకాశవాణి సినిమా పాటల్ని దూరం పెట్టేసరికి జనమంతా రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఆ ఏడాదే అక్కడ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. ఆకాశవాణి తేరుకుని 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టినా, బుధవారం రాత్రి ఎనిమిదైతే అమీన్ సయానీ గొంతు కోసం రేడియో చుట్టూ చేరడం మానలేదెవరూ. హిందీ ముక్క రాని మా నాన్న కూడా ఏ పాట ఎన్నో మెట్టు ఎక్కిందో వేళ్ల మీద చెప్పేవాడు. రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఉత్తరాలు చూసి ఆ వరస తేల్చేవారట. కొన్ని వారాలపాటు నిలిచిన పాటకు 'సర్తాజ్ గీత్' అని కిరీటం పెట్టి, గౌరవంగా లిస్టులోంచి తప్పించేవారు. మరో పాటకు చోటివ్వాలి కదా!

ఆ పద్ధతి చూసే అన్నయ్య ప్రతి ఆదివారం షట్టర్ మీద ఓ చీటీ అంటించేవాడు. 'ఈ వారం చింతలపూడి పాటలు' అని పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి, కింద పది పేర్లు. ఆ వారం ఎవరెవరు ఏ పాటలు ఎక్కించమన్నారో లెక్కేసి రాసిన అసలు సిసలు లిస్టది. టీకొట్టు దగ్గర వాదులాటలు జరిగేవి. ఒకసారి చిరంజీవి పాట మూడో స్థానంలో పెట్టాడని రాత్రికి రాత్రి చీటీ చింపేశారు కూడా.

నాకు మాత్రం అదంతా చిరాగ్గా ఉండేది. ఉద్యోగంలో చేరాక వచ్చిన ప్రతిసారీ "ఈ కొట్టు కట్టేసి ఏదన్నా పనికొచ్చే వ్యాపారం చూసుకోరాదూ?" అనేవాణ్ని. తను నవ్వి ఊరుకునేవాడు. చివరికి సీడీలు, ఎంపీత్రీలు వచ్చి 2003లో డెక్కులు మూలపడ్డాయి. తర్వాత జిరాక్సు, ఫోన్ రీచార్జి, మెమరీ కార్డుల్లో పాటలు నింపడం. మెమరీ కార్డులో ఒక్కో పాట పేరూ ఎవరు రాస్తారు? ఐదొందల పాటలు ఒక్కసారే వెళ్లిపోతాయి. దాంతో చీటీ ఆగిపోయింది.

'మ' అంటే మళ్లీ

గురువారం కొట్టు తెరిచాం. చెదలు పట్టిన క్యాసెట్ డబ్బాల వెనక, గుడ్డ చుట్టి పెట్టిన పదకొండు లాంగ్ నోట్‌బుక్కులు దొరికాయి. తూకానికి వేద్దామని పక్కన పడేయబోతుంటే వదిన ఆపింది.

"చూడకుండా పడేయకండి మరిదిగారూ. మీ అన్నయ్య రాత్రి అన్నం మానేసైనా ఇవి రాసేవారు."

తెరిచి చూశా. తేదీ, పాట, సినిమా, ఎందరు అడిగారు. పేజీకి మధ్యలో గీత. ఎడం పక్క 'కొ'. కుడి పక్క 'మ'.

"కొ అంటే కొత్తవి. మ అంటే మళ్లీ వచ్చినవి" అంది వదిన.

అక్కడే నేల మీద కూర్చుని సాయంత్రం దాకా చదివా. 'కొ' వైపు పేర్లు ఐదారు వారాలకోసారి మారిపోతుంటాయి. 'గీతాంజలి', 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 'ప్రేమదేశం', 'తొలిప్రేమ', 'నువ్వే కావాలి'... వచ్చి, ఊపేసి, వెళ్లిపోతాయి. 'మ' వైపు అలా కాదు. మాఘమాసం వస్తే అప్పగింతల పాటలు. పొగాకు బేరన్లు వెలిగించే రోజుల్లో, రాత్రంతా మంట దగ్గర కాపలా ఉండేవాళ్ల కోసం 90 క్యాసెట్ల నిండా ఘంటసాల, సుశీల. కొల్లేటి పెద్దాయన చెప్పిన మాటే ఇక్కడ లెక్కల్లో కనిపించింది. 'మాతృదేవోభవ' పాటలు 1993లో 'కొ' వైపు మొదలై, ఆ తర్వాత పదేళ్లూ 'మ' వైపు ఏదో ఒక వారం కనిపిస్తూనే ఉన్నాయి. వాటి పక్కన కొన్నిచోట్ల పెన్సిల్‌తో చిన్నగా 'డబ్బు తీసుకోలేదు' అని ఉంది.

"ఎందుకు తీసుకోలేదు?" అని అడిగా.

"తల్లి పోయినవాళ్లు వచ్చి అడిగితే ఎలా తీసుకుంటారు?" అంది వదిన.

ఆఖరి పుస్తకం 2003తో ఆగింది. ఊరికే పేజీలు తిప్పుతుంటే, చివర్లో మరో పేజీ కనిపించింది. 2020 సెప్టెంబరు. బాలు పోయిన వారం. కరోనా రోజులు. కొట్టుకు వచ్చేవాళ్లే లేరు. అయినా పదిహేడేళ్ల తర్వాత అన్నయ్య మళ్లీ గీత గీశాడు. ఎడం పక్క ఖాళీ. కుడి పక్క పేజీ పై నుంచి కింద దాకా బాలు పాటలు. వాటి పక్కన అంకెలు లేవు. లెక్కపెట్టడానికి ఊరంతా అవే వింటోంది కదా!

నేను పనికిరాని కొట్టన్నది ఈ పుస్తకాలు రాస్తున్న మనిషితో. ఆ మాట ఇప్పుడెవరికి వెనక్కి తీసుకోను?

డబ్లిన్ వారం, మన వారం

ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి ఆ పేజీ చదివి వినిపించా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తను దాచుకున్న సంగతి ఒకటి చెప్పింది.

ఐర్లండు వాళ్లు ప్రాణంగా చూసుకునే క్రిస్మస్ పాట ఒకటుంది. 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్'. 1987లో అక్కడ మొదటి స్థానానికి ఎక్కింది. అందులో గొంతు కలిపిన కిర్‌స్టీ మెక్‌కాల్ 2000 డిసెంబరులో పోయింది. పాట రాసిన వాళ్లలో ఒకడైన ప్రధాన గాయకుడు షేన్ మెక్‌గవన్ 2023 నవంబరు 30న పోయాడు. దాంతో ముప్ఫయ్యారేళ్ల తర్వాత ఆ పాట మళ్లీ అక్కడి లిస్టులో మొదటి స్థానానికొచ్చింది. డిసెంబరు 8న అంత్యక్రియల్లో చర్చిలోనే ఆ పాట పాడితే, అయినవాళ్లు లేచి నాట్యం చేశారు.

"పెదనాన్న పోయింది ఆ రోజుల్లోనే కదా నాన్నా. టికెట్ దొరక్క నేను రాలేకపోయాను. బస్సులో, షాపులో, ఎక్కడికెళ్లినా అదే పాట. ఎవరికోసమో వాళ్లు ఏడుస్తున్నారు. వాళ్లతోపాటు నేనూ పెదనాన్న కోసం ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు" అంది.

బినాకా వాళ్లు నిలిచిన పాటకు కిరీటం పెట్టి పంపేశారు. ఐర్లండు వాళ్లు గుమ్మం తెరిచే ఉంచారు. మా అన్నయ్య ఏకంగా సగం పేజీ రాసిచ్చేశాడు.

చింతలపూడి లిస్టు ఇదీ!

శనివారం పొద్దున్న కొట్టు ఖాళీ అయింది. డెక్కు ఒకటి మైకుసెట్టు అతను తీసుకున్నాడు. పుస్తకాలు పదకొండూ నా బ్యాగులో పెట్టుకున్నా. షట్టర్ దించాక, ఎర్ర స్కెచ్‌పెన్ను కొనుక్కొచ్చి ఓ తెల్లకాగితం మీద రాసి అంటించా.

ఈ వారం చింతలపూడి పాటలు. కొ: 'పుష్ప 2' పాటలు. గీత మీద: 'గోదారి గట్టు'. మ: సుప్రభాతం, తిరుప్పావై, అయ్యప్ప భజనలు, క్రిస్మస్ పాటలు, హరిదాసు కీర్తనలు, కొల్లేటి గట్టున ఘంటసాల, వెనక వీధిలో భగవద్గీత.

ఫొటో తీసి అమ్మాయికి పంపాను. మీరూ ఎప్పుడైనా ఇటొస్తే ఏలూరు బస్టాండు నుంచి చింతలపూడికి బస్సులుంటాయి. దారిలో పెదవేగి చూడొచ్చు. ఇంకో రోజు చేతిలో ఉంటే గుంటుపల్లి బౌద్ధ గుహలు, ద్వారకా తిరుమల కూడా చుట్టి రావచ్చు. డిసెంబరు అయితే మరీ మంచిది. తెల్లవారుజామునే లేవడం మాత్రం మర్చిపోకండి.

బస్సెక్కబోతుంటే పక్కనున్న టీకొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, బాలు పాట ఒక్కటీ రాయలేదేంటి? నేను రోజూ పొద్దున్నే పెడతాను కదా! మీ అన్నయ్యగారైతే ఇలా వదిలేసేవారు కాదు."

బస్సు ఆపించి, వెనక్కెళ్లి 'మ' కింద ఇంకో పేరు రాసొచ్చా.